తంబాకులో దొరికిన రాయి

కిందటి వారం నవనీతను సిరిసిల్లలో, ఆడబిడ్డ ప్రేమలత ఇంటి ముందు గదిలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

జ్ఞాపకం ఉంది కదా? జగిత్యాల దవాఖానలో నర్సుగా చేస్తున్న నవనీత తన జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకుని, కోరుట్లలో తనతో పాటే ఉండే అత్త పోశవ్వకు వజ్రపుటుంగరం కొనిపెట్టింది. ఒక రోజు చూస్తే అత్త వేలు బోసిగా ఉంది. ‘గది ప్రేమలత కాడ ఉన్నది’ అని మామ సారయ్య నోరు జారాడు. కోడలి కష్టాన్ని కూతురికి దోచిపెట్టింది కాబోలు అనుకుని, నవనీత కోరుట్లలో బస్సెక్కి సిరిసిల్లలో దిగి, గడపలో కాలు పెట్టీ పెట్టకముందే ఆడబిడ్డను కడిగిపారేసింది. పక్క షెడ్డులో మరమగ్గాల చప్పుడు వల్ల ఆ మాటల్లో సగం వీధిలోకి పోలేదు గానీ, పోయిన సగమే చాలు. ప్రేమలత ఒక్క మాటా తిరిగి అనలేదు. బీరువా తెరిచి, ఉంగరం తెచ్చి మరదలి అరచేతిలో పెట్టింది. రాయి ఉండాల్సిన చోట ఖాళీ గూడు ఉంది.

“గిదేంది వదినె? రాయేది?” అంది నవనీత. ఇందాకటి గొంతులో సగం కూడా లేదిప్పుడు.

“నువ్వు తిట్టుడు అయిపోయిందా?” అని అడిగింది ప్రేమలత. “ఇంకేమన్న మిగిలితే గది గూడ తిట్టు. అయినంక కూసో, చెప్త.”

నవనీత కూర్చుంది. కూర్చోక చేసేదేముంది?

“రాయి పోయింది. వారం కింద అవ్వ ఒక్కతే బస్సెక్కి అచ్చింది. గీ ఉంగరం నా చేతుల పెట్టి, ‘గిసొంటి రాయే ఇంకోటి పెట్టియ్యి బిడ్డా, నా కోడలికి తెల్వకుంట పెట్టియ్యి’ అని ఒక్కటే ఏడుపు. తన నెత్తి మీద నా చెయ్యి పెట్టిచ్చుకొని ఒట్టేపిచ్చుకున్నది. గందుకే నువ్వు ఎన్ని అన్నా నోరు తెరువలే. ఇంత కొట్లాటయినంక ఇగ దాస్తే మంచిగుండదు.”

“నాకెందుకు తెల్వద్దట?”

“బీడీలు చేసేటప్పుడు పోయింది గనుక.”

ఆ ఒక్క మాటతో నవనీతకు సంగతి తెలిసిపోయింది. పోయిన ఏడు పోశవ్వకు దగ్గు పట్టుకుని వదలకపోతే, ఇక తంబాకు ముట్టొద్దని అత్తతో మాట తీసుకున్నది ఆమే. ‘సరే బిడ్డా’ అంది పోశవ్వ. సరేనన్న మనిషి, కోడలు డ్యూటీకి పోగానే చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి చుడుతూ కూర్చునేదన్నమాట. ఉంగరం సంగతి బయటపడితే బీడీల సంగతీ బయటపడుతుంది. పోశవ్వ భయం అదీ.

“వదినె... నేను నిన్ను ఏమేమో అన్న.”

“అన్నవు. మస్తు అన్నవు,” అని నవ్వింది ప్రేమలత. “నీ జాగల నేనున్నా గట్లనే అనుకునేదాన్ని. ఊకో ఇగ. ఛాయ్ తాగు.”

తిట్టిన నోటికే ఛాయ్ అందించే మనిషిని ఏమనాలి? నవనీత తల దించుకుని గ్లాసు అందుకుంది. తల ఎత్తాక గానీ ఆడబిడ్డ ముఖం సరిగ్గా చూడలేదు. చెవులకు కమ్మలు లేవు. పవర్‌లూమ్ పని మొదటిసారి కలిసొచ్చినప్పుడు భర్త రవి కొనిపెట్టిన ఒంటిరాయి వజ్రపు కమ్మలవి. ప్రేమలత నిద్రలో కూడా తీయదు. ఇప్పుడు ఆ కుట్లు పూడిపోకుండా చిన్న వేపపుల్లలు పెట్టుకుని ఉంది.

“చెవులకేమైంది వదినె?”

“పుండ్లయినయి. గందుకే తీసిన,” అంటూ ప్రేమలత కొంగు తల మీదికి లాక్కుంది.

“ఏదీ చూపియ్యి. నర్సును ఇంట్ల పెట్టుకొని...”

“నీ దవాఖాన జగిత్యాలల పెట్టుకో. నా ఇంట్ల తెరువకు.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు సగంలో ఉండగానే నవనీత ఫోను మోగింది. సారయ్య. ఒకప్పుడు కల్లు గీయడానికి తాడెక్కితే ఊరంతా వినబడేలా కేకేసే మనిషి, ఇప్పుడు గుసగుసలా మాట్లాడుతున్నాడు.

“నవనీతా, మీ అత్త అరుగు మీద కూలవడ్డది. పొద్దుగాల షుగర్ గోలీ ఏసుకున్నది గని బువ్వ ముట్టలే. ఒళ్లంత చెమటలు. నువ్వు కొట్లాటకు పోయినవని తెలిసినకాడి నుంచి గిట్లనే కూసున్నది.”

నవనీతలో ఉన్న కోడలు బెదిరిపోయింది గానీ, నర్సు బెదరలేదు. “మామా, ఫోన్ పెట్టెయ్యకు. మాట్లాడుతున్నదా? ఆఁ, మంచిది. గ్లాసుల నీళ్లు పోసి చక్కెర కలుపు. ఒక్కసారే పోయకు, జరంత జరంత తాపు. నేను గిక్కడనే ఉన్న.”

అటువైపు గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. ఇటు ఇద్దరు ఆడవాళ్లూ ఒక్క ఫోనుకు చెవులొగ్గి నిలబడ్డారు. కాసేపటికి నీరసంగా ఒక గొంతు వినిపించింది. “గంత చక్కెర పోస్తవేంది? రేపు ఛాయ్‌ల ఏమేసుకుంటరు?”

పోశవ్వ గదమాయించగలుగుతోందంటే గండం గడిచినట్టే.

“అత్తమ్మా, బువ్వ తిను. నేను వస్తున్న.”

“బిడ్డా, ప్రేమలతనేమనకు. తప్పు నాది. నా వల్ల నా బిడ్డకూ నా కోడలికీ కొట్లాటైంది. గా రాయి దొరికేదాక నేను ముద్ద ముట్ట.”

ఫోను పెట్టేసింది. మొండితనంలో పోశవ్వను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. షుగర్ మనిషి అన్నం మానేసి మొండికేస్తే ఏమవుతుందో నవనీతకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

“పద, నేను గూడ వస్త,” అంది ప్రేమలత. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి రవికి సైగ చేసి, లోపలి గదిలోకి పోయి, కొంగు చివర ఏదో ముడి వేసుకుంటూ వచ్చింది. చిల్లర కాబోలు అనుకుంది నవనీత.

* * *

వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. నవనీత ఆ ఖాళీ ఉంగరాన్ని చిటికెన వేలికి పెట్టుకుని, కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ కూర్చుంది.

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఇంటర్ పూర్తి చేసి ఊరుకున్న పిల్ల. భర్త మహిపాల్ దుబాయికి పోయాక, ‘సదువుకుంటవా బిడ్డా?’ అని అడిగింది పోశవ్వే. నర్సింగు స్కూలు ఫీజు బీడీల చాటలోంచి వచ్చింది. తెల్లటి యూనిఫారం ఉతకడానికి ముందు పోశవ్వ నిమ్మచెక్కతో తన వేళ్లు రుద్దుకునేది, తంబాకు మరక బట్టకు అంటకూడదని. ఎంత రుద్దినా గోళ్ల అంచున ఆ ఎరుపు పోయేది కాదు. పరీక్ష పాసయిన రోజు ఆ చేతుల్నే నవనీత పట్టుకుని ఏడ్చింది. ఆ చేతికి ఏదో ఒకటి పెట్టాలని అనుకున్నది అప్పుడే. ఉద్యోగం వచ్చి, జీతం కుదురుకున్నాక జగిత్యాలలో ఉంగరం కొని, తనే తొడిగి, ‘దీన్ని ఎన్నడు తీయద్దు అత్తమ్మా’ అంది. సంబరంలో అన్న మాట. ఆ మాటే ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు?

* * *

కోరుట్లలో ఇంటికి చేరేసరికి పోశవ్వ అరుగు మీది నుంచి మంచం మీదికి మారింది. పక్కన స్టీలు పళ్లెంలో అన్నం, పప్పు, ఈగలు వాలకుండా మూత. సారయ్య ఆ పళ్లేనికి కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాడు.

“అచ్చిండ్రా? ఇగ మీరే చూసుకోండ్రి,” అన్నాడు లేస్తూ. “ఆమె బువ్వ తినది, నన్ను బీడి తాగనియ్యది. రాయి ఏ బీడీల పోయిందో అని వారం సంది ఒక్కటి ముట్టనిస్తలేదు. ఉంగరం సంగతేమో గని నా పాణం పోతున్నది.”

పోశవ్వ కూతుర్నీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ కలిసి రావడం ఆమె అనుకోలేదు. ఉంగరం లేని వేలిని చీర చెంగులో దాచుకుంది. ఆ దాచుకోవడం నవనీత చూసింది. మంచం పట్టె మీద కూర్చుని ఆ చెయ్యి బయటికి తీసి తన చేతుల్లో పెట్టుకుంది. ఉంగరం ఉన్న చోట తెల్లగా గీత పడి ఉంది.

“నువ్వు బీడీలు చేస్తున్నవని నాకు తెలిసింది అత్తమ్మా. తిడుతనని అనుకోకు. ఎందుకు చేసినవో గది చెప్పు.”

“చేతులు ఊకుండయి బిడ్డా,” అంది పోశవ్వ. “పక్కింట్ల నలుగురు చాటలు ముందటేసుకొని కూసుంటే నేనొక్కదాన్ని గోడకు చూసుకుంట కూసుంటనా? కొన్నే చేస్తుంటి. వాళ్ల ముచ్చట్ల కోసమే.”

“మరి ఉంగరం తీసి పక్కకు పెట్టకపోతివా?”

“నువ్వే గదా ఎన్నడు తీయద్దన్నవు?”

నవనీత తన చిటికెన వేలికున్న ఖాళీ ఉంగరం వైపు చూసింది.

“అంట్లు తోమంగ తీయలే. పిండి పిసుకంగ తీయలే. బీడీకి దారం చుట్టి గుంజినప్పుడల్ల గా ఉంగరానికి తట్టుకునేది. రాయిని పట్టే గోరుకో, రాయికో చిక్కుకొని తెగేది. అయినా తీయలే. నా కోడలు మాట అన్నది గదా.” పోశవ్వ కళ్లు తుడుచుకుంది. “కొన్నొద్దుల సంది చెయ్యి కదిలిస్తే టిక్కు టిక్కుమంటుండె. నాకైతే మంచిగనిపిచ్చేది. నువ్వు డ్యూటీకి పోతవు, కొడుకు దుబాయిల ఉండె. నా ఉంగరం నాతోని ముచ్చట పెడుతున్నదని నేను గూడ దానికి జవాబిచ్చేదాన్ని.”

నవనీతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఉంగరం కొన్న రోజు షాపులో చెప్పిన మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. ఆరు నెలలకోసారి తెమ్మన్నారు. రాయిని పట్టుకునే గోళ్లు వదులైతే బిగిస్తామన్నారు, కడిగి ఇస్తామన్నారు, పైసా వద్దన్నారు. గుర్తు చేస్తూ ఫోనుకు మెసేజీలు కూడా వచ్చాయి. కొత్త నగలు కొనమనే ప్రకటనలనుకుని ఆమె చదవకుండానే చెరిపేసేది. వార్డులో ఎవరికి ఎప్పుడు సూది వేయాలో తప్పని మనిషి, అత్త వేలి మీది ఉంగరాన్ని ఒక్కసారైనా చెవి దగ్గర పెట్టుకుని వినలేదు.

“పోయిందని ఎప్పుడు చూసుకున్నవు?”

“కార్ఖానల కట్టలు ఇచ్చి చెయ్యి కడుక్కుంటే గూడు ఉత్తగున్నది. లెక్క తప్పిందని చెప్పి గా కట్టలన్ని మళ్ల తెచ్చుకున్న. ఒక్కొక్క బీడి ఇప్పి చూసిన. కొన్ని తక్కువనే అచ్చినయి, నేనే తక్కువ చేసిన్నేమో. డబ్బాల మిగిలిన తంబాకు గూడ మళ్ల మళ్ల జల్లించిన. లేదు బిడ్డా.”

‘కొన్ని తక్కువ’ అన్న దగ్గర సారయ్యకు పొలమారింది. మంచినీళ్ల కోసమన్నట్టు బయటికి పోయాడు.

“పోతే పోనియ్యి అత్తమ్మా,” అంది నవనీత. “గీ చేతులు లేకుంటే నేను జగిత్యాల మొఖం చూసేదాన్నా? నాకు కొలువెక్కడిది, గా ఉంగరం ఎక్కడిది? నువ్వు నాకు పెట్టిందాని ముంగట అదెంత? లేచి నాలుగు ముద్దలు తిను.”

“రాయి ముచ్చట కాదు బిడ్డా.” పోశవ్వ తల అడ్డంగా ఊపింది. “కన్నోళ్లు గాక నాకంటూ ఒక వస్తువు పెట్టినోళ్లు ఎవ్వలు లేకుండ్రి. నువ్వు పెట్టినవు. దాన్ని గూడ కాపాడుకోకపోతి.”

పళ్లెం వైపు చూడను కూడా చూడలేదు. నవనీత బతిమాలింది, కసిరింది, నేను కూడా తిననని బెదిరించింది. ఏదీ పారలేదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ప్రేమలత ముందుకొచ్చింది. “అవ్వా, గా తంబాకు డబ్బా ఏది? ఒక్కసారి నా కండ్లతోని చూస్త.”

“చూసిన గదనే.”

“నీ కండ్లకు మసకలు. నేను జల్లిస్త.”

డబ్బా తెచ్చి, వెలుతురులో చాప పరిచి, జల్లెడ పట్టింది. దుమ్ముకు ముగ్గురూ దగ్గారు. జల్లెడలో ఏమీ నిలవలేదు. కింద రాలిన తంబాకును ప్రేమలత చాటలోకి ఎత్తి, చేత్తో ఒకసారి కలిపి తల్లి ఒళ్లో పెట్టింది. “ఇగ నువ్వు చూడు. నీ వేళ్లకు తెలిసినంత జల్లెడకు తెల్వది.”

పోశవ్వ ఆశ లేకుండానే చెయ్యి పెట్టింది. ఆ వేళ్లు వాటంతటవే కదిలాయి, అలవాటైన చోటికి వచ్చినట్టు. కదిలి, కదిలి, ఆగిపోయాయి. రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకుని కిటికీ వెలుతురులోకి ఎత్తింది. ఎర్రటి పొడి అంటుకుని ఉన్నా అది మెరిసింది.

“నవనీతా!” అన్న కేకకు సారయ్య చెంబు కింద పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత కాసేపు ఆ ఇంట్లో ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో చెప్పడం కష్టం. పోశవ్వ రాయిని కళ్లకద్దుకుంది. ఎన్నిసార్లు జల్లించినా కనబడనిది ఇప్పుడెట్ల కనబడ్డదని ఆశ్చర్యపోయింది. దేవుడు తన కళ్లు కప్పాడని తనే తేల్చుకుంది. పళ్లెం మీది మూత తీసింది. నవనీత ముద్దలు కలిపి పెడుతుంటే, అన్నం చల్లారిందని వంక కూడా పెట్టకుండా తిన్నది. ఒక్కో ముద్దా లోపలికి పోతుంటే నవనీతకు తన కడుపే నిండుతున్నట్టు అనిపించింది. తను నమ్మే దేవుళ్లందరికీ వరసగా దండం పెట్టుకుంది.

ప్రేమలత మాత్రం చాట పట్టుకుని పెరట్లోకి పోయింది, తంబాకు దులపడానికి.

“నన్ను బీడి తాగనిస్తరా ఇప్పుడన్న?” అని అడిగాడు సారయ్య.

“తాగు పో,” అంది పోశవ్వ నోటినిండా అన్నంతో.

* * *

మర్నాడు నవనీతకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే జగిత్యాల పోయి, కొన్న షాపులోనే రాయి పెట్టించి, అక్కడి నుంచి దవాఖానకు పోతానంది. ప్రేమలత గాభరా పడింది.

“గంత దూరమెందుకు? నాకియ్యి, సిరిసిల్లల నగలు చేసే మా అవుసలాయనతోని పెట్టిచ్చి పంపుత.”

“లేదు వదినె. ఆరు నెలలకోసారి తెమ్మన్నరు, నేనే పోలే. గోళ్లు గూడ బిగియ్యాలె.”

“అయితే నేను గూడ వస్త,” అంది ప్రేమలత. ఎందుకో మొహం వాడిపోయింది. నిద్ర చాలలేదనుకుంది నవనీత.

షాపులో రాళ్ల పని చూసే రంజిత్ ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టుకుని నవ్వాడు. “అక్కా, గిది ఉంగరమా, బీడీల కార్ఖానా? గిటు చూడుండ్రి.”

నవనీత అద్దంలోకి వంగి చూసింది. గూడు చుట్టూ ఉన్న బంగారు గోళ్లలో ఒకటి పైకి లేచి ఉంది, ఇంకోటి అరిగి సన్నబడింది. సందుల్లో ఎర్రటి తంబాకు దుమ్ము గట్టిపడి, దారపు పోగులు చిక్కుకుని ఉన్నాయి.

“దారం రాసుకొని రాసుకొని గోరు లేచింది. గీ దుమ్ము మీదనే రాయి ఇన్నొద్దులు నిలవడ్డది. పని చేసేటప్పుడు తీసి పెట్టుకోమనుండ్రి. మీరు గూడ అప్పుడప్పుడు చెవి కాడ పెట్టి వేలితోని తట్టి చూడుండ్రి. టిక్కుమంటే రాయి కదులుతున్నట్టు, గా రోజే తీసుకరావాలె. ముందే తెస్తే చిటికెల పని.”

“మా అత్తమ్మ గా టిక్కుటిక్కుతోని ముచ్చట పెట్టింది తమ్మీ,” అంది నవనీత. రంజిత్‌కు అర్థం కాకపోయినా నవ్వాడు. ఉంగరాన్ని కడిగి, మెత్తటి బ్రష్షుతో సందులు దులిపి, గోళ్లు సరిచేశాడు. వచ్చే ఆర్నెల్లకు గుర్తుంచుకోవాలని నవనీత అక్కడే ఫోనులో అలారం పెట్టుకుంది. ఇకపై ఆ మెసేజీని చెరపనని మనసులోనే అత్తకు మాటిచ్చింది.

రంజిత్ పట్టుకారుతో రాయిని ఎత్తి గూట్లో పెట్టాడు. తీశాడు. తిప్పి పెట్టాడు. మళ్లీ తీసి, అద్దం కింద చాలాసేపు చూశాడు.

“అక్కా, గీ రాయి గీ ఉంగరంది కాదు.”

“అదేంది? గా తంబాకులనే దొరికింది గదా!”

“ఏడ దొరికినా గిది మేమిచ్చిన రాయి కాదు. మంచి వజ్రమే, ఉంగరం రాయి కన్న పెద్దది. ఒంటిరాయి కమ్మలల్ల పెట్టే సైజు. కొత్తగనే దేంట్లకెల్లో తీసినట్టున్నది, అంచుకు బంగారం పొడి ఇంక అంటుకొనే ఉన్నది.”

నవనీత మెల్లగా వెనక్కి తిరిగింది. ప్రేమలత షాపు తలుపు దగ్గర, పోదామా వద్దా అన్నట్టు నిలబడి ఉంది. కొంగు తల మీదుగా చెవులు కప్పి ఉంది. నవనీత దగ్గరికి పోయి కొంగు పక్కకు తీసింది. పుండు లేదు. వాపు లేదు. కనీసం ఎరుపు కూడా లేదు. నిన్న పొద్దున తను నోటికొచ్చినట్టు తిడుతున్నప్పుడే ఆ చెవులకు ఆ వేపపుల్లలు ఉన్నాయి.

“వదినె...”

“అవ్వకు చెప్పకు,” అంది ప్రేమలత గుసగుసగా. “గా ఉంగరంల పెట్టిద్దామని నా కమ్మ రాయి తీపిచ్చిన, పట్టలే. పెద్ద గూడు చెయ్యాలన్నడు మా అవుసలాయన. గింతల నువ్వచ్చినవు. అవ్వ బువ్వ తినకపోతే నాకేం తోచక తంబాకుల కలిపిన నవనీతా. నీకు చదువు చెప్పిచ్చింది, నన్ను కన్నది. ఒక్క రాయికి మనం ఆమెను పోగొట్టుకుంటమా?”

నవనీత ఆడబిడ్డ చేతులు రెండూ పట్టుకుంది. థాంక్స్ అనే మాట వార్డులో రోజూ ఎంతమందితోనో అంటుంది, అనిపించుకుంటుంది. ఇక్కడ అది చాలదు. వంగి కాళ్లకు దండం పెట్టబోతే ప్రేమలత, “ఏ పిచ్చిదానా, అందరు చూస్తున్నరు,” అని లేవదీసి కావలించుకుంది. నగల షాపు మధ్యలో ఇద్దరు ఆడవాళ్లు అలా ఏడుస్తుంటే రంజిత్ మర్యాదగా తల దించుకుని రాళ్లు తుడుచుకోవడం మొదలెట్టాడు.

“గీ రాయి మళ్ల నీ చెవికే పోవాలె,” అంది నవనీత. “అత్తమ్మ ఉంగరానికి వేరే రాయి నేను చూసుకుంట. ఆమెకు ఎన్నడు తెల్వనియ్యం. సరేనా?”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఒట్టు వేసిన చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే ఫోను మోగింది. కోరుట్ల నుంచి పోశవ్వ. నవనీత గొంతు సవరించుకుని, ప్రేమలతకు కూడా వినిపించేలా ఫోను ఎత్తింది.

“బిడ్డా, మీ మామ చేసిన పని చూసినవా? గా రోజు నా చాటల బీడీలు నేను చూడకుంట ఎత్తుకొని గోడ గూట్ల దాచుకున్నడట. గిప్పుడు తీసి ముట్టిచ్చుకుంటే ఒకదాంట్ల ఎంత గుంజినా పొగ వస్తలేదట. ఇప్పి చూసిండు.”

“ఏమున్నది అత్తమ్మా?” అంది నవనీత. జవాబు ఆమెకు అప్పటికే తెలుసు.

“రాయి ఉన్నది బిడ్డా. గిదే నా రాయి, దాన్ని నేను పోల్చుకోనా?” వెనక సారయ్య ఏదో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. “మరి నిన్న నా చేతికి దొరికింది ఎవ్వలిది?”

ప్రేమలత రెండు చేతులూ జోడించి, వద్దు వద్దని తల ఊపుతోంది. ఆమె చెవుల్లో వేపపుల్లలు కూడా వద్దంటున్నట్టే ఊగాయి.

“చెప్పు బిడ్డా,” అంది పోశవ్వ. “ప్రేమలత నీ పక్కకే ఉన్నది గదా? దాని చెవులకు కమ్మలున్నయా?”